అరవై సెకన్లలో లేవాలి

ఆమె వేలు మీట మీదే ఆగింది. కంప్యూటర్లోంచి ఒక్క ఆటను తీసేయమంటే, దాంతోపాటు పోయేవాటి జాబితాలో తెరను నడిపించే ప్రోగ్రామూ కనిపించింది. పొద్దున నాలుగో కంప్యూటర్లో జాబితా చదవకుండా సరేననేసి, నల్లబడ్డ తెర ముందు గంటన్నర తల పట్టుకుంది. ఈసారి వద్దని కొట్టి, మెడమీది చెమట తుడుచుకుంది.

ఆ లైబ్రరీలో పద్నాలుగేళ్ల నాటి కంప్యూటర్లు తొమ్మిది. పదకొండేళ్లుగా వాటి మంచీచెడ్డా ఆమెదే. పాత యంత్రాల మీద తేలిగ్గా నడుస్తుందని లైనక్స్ వేసినా ముక్కీ మూలిగీ మూడు నిమిషాలకు గానీ లేచేవి కావు. మూడింటికి తనిఖీకి అధికారి వస్తాడు. ఏ ఒక్కటి నిమిషంలో లేవకపోయినా అన్నీ పాత ఇనుము లారీ ఎక్కుతాయి. అందుకే ఎవరూ ఆడని ఆటల్నీ, లేని ప్రింటరు కోసం కాచుక్కూర్చున్న ప్రోగ్రాముల్నీ ఏరి పారేస్తోంది. ఎనిమిది దారికొచ్చాయి. తొమ్మిదోది అరవై ఎనిమిది సెకన్ల దగ్గర మొండికేసింది.

తెరమీది అక్షరాల్ని పైకి చదివే బరువైన ప్రోగ్రాము అందులోనే ఉంది. చూపు పోయిన దర్జీ ఒకాయన రోజూ నాలుగింటికి వచ్చి దాంతోనే పేపరు వింటాడు.

లైబ్రేరియన్ గుమ్మంలో నిలబడి గడియారం చూశాడు. "అది తీసేయండమ్మా. ఒక్కరి కోసం అన్నిటికీ ఎసరు పెట్టుకుంటామా?"

"ఆ ఒక్కరికీ ఇది తప్ప ఏముందండీ?"

దాన్ని ముట్టకుండా మిగతా ప్రోగ్రాముల్ని తవ్వింది. ప్రతి జాబితా రెండుసార్లు చదివింది. పరీక్షించి చూసే వ్యవధి లేకుండానే అధికారి వచ్చేశాడు.

ఎనిమిదీ లేచాయి. తొమ్మిదోదాని బటన్ నొక్కాడు. నలభై. యాభై. యాభై ఏడు దగ్గర, "తెర సిద్ధంగా ఉంది," అంది బొంగురు గొంతొకటి. అధికారి ఉలిక్కిపడి, సంతకం పెట్టాడు. తర్వాత ఫైలు తిప్పి, ఇవి ఇంత తేలిగ్గా నడుస్తున్నాయి కాబట్టి రేపట్నుంచి ఈ గదికి మనిషి అక్కర్లేదని నెమ్మదిగానే చెప్పాడు.

ఆమె నాలుగున్నర దాకా ఉండొచ్చా అని మాత్రం అడిగింది. ఉండమన్నాడు.

దర్జీ వచ్చాడు. చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇవాళ తొందరగా లేచిందేం?"

"బరువు దించాను, బాబాయ్."

ఆయన గడ్డం పైకెత్తి వార్తలు వింటూండగా, తాళాలు లైబ్రేరియన్ చేతిలో పెట్టి మెట్లు దిగిపోయింది.

దర్జీ ముఖానికి జానెడు దూరంలో, తెర అంచుకు అంటించిన కాగితం మీద ఆమె గుండ్రటి అక్షరాలు: "దీని గొంతు తీసేయకండి."