పోగు తెగకుండా

యాకూబ్ నలభై మందికి మాత్రలు మింగించి, నోళ్లు తెరిపించి నాలుక కింద కూడా చూసి, చివరికి వరండా మెట్ల దగ్గరికి వచ్చాడు. పొట్టి మనిషి. ముప్పై ఏళ్లుగా ఈ మానసిక రోగుల ఆశ్రమంలో గడ్డాలు గీస్తూ, స్నానాలు చేయిస్తూ ఉన్నాడు. చేతుల ఫినాయిల్ వాసనకు ఇంట్లో మనవరాలు ఆఫ్రీన్ ముక్కు మూసుకుంటుంది.

పై మెట్టు మీద స్టేషన్ తాత కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్ల కిందట తెనాలి నుంచి వచ్చిన రైలు రేపల్లెలో ఆగితే దిగమన్నా దిగని మనిషి. ఆ లైనుకు అదే ఆఖరి స్టేషను, ఇంకెక్కడికని తీసుకుపోతారు? పోలీసులు తెచ్చి ఇక్కడ అప్పగించారు. పేరు లేదు, ఊరు లేదు, మాటే లేదు. తెల్లవారేసరికి ఇక్కడ చేరి, కాళ్లు కింది మెట్టుకు వేలాడేసి ఒకటి తరవాత ఒకటి తొక్కుతూ, చేతులు అటూ ఇటూ విసురుతూ ఉంటాడు. అన్నం తినిపించబోతే కొడతాడు. యాకూబ్ ముందుపన్ను అలా పోయిందే. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, తాతను బయటికి పంపేస్తారని.

ఇప్పుడు మూడు రోజులుగా తాత మెతుకు ముట్టలేదు.

"మధ్యాహ్నం దాకా చూద్దాం యాకూబ్. తినకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి. చేతులు కట్టక తప్పదు" అని డాక్టరు భరద్వాజగారు పొద్దున్నే చెప్పారు.

ఆ చేతులు ఆగితే తాత కూడా ఆగిపోతాడని యాకూబ్ భయం. ఉప్మా పళ్లెం పట్టుకుని, రోజూ చేసినట్టే తాత కుడిచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తాత అరిచాడు.

"ఆగన్నా! పోగు తెంపేస్తున్నావు" అంటూ సుగుణమ్మ పరుగెత్తుకొచ్చింది. వంటమనిషిగా నిన్ననే చేరిన ఈపురుపాలెం మనిషి.

"పోగేంటమ్మా?"

"కనపళ్లేదా ఏంటి? మగ్గం మీదున్నాడన్నా. మా నాన్న ఇట్టాగే గుంటలో కాళ్లేసుకుని కూర్చునేవాడు. అదుగో, ఈ చేత్తో పోగు కండె ఉన్న నాడె ఇసిరాడు, ఆ చేత్తో పట్టాడు. నేసేవాడి చెయ్యి మధ్యలో లాగితే కోపం రాదా?"

యాకూబ్ చెయ్యి వదిలేశాడు. తాత వంగి, గాలిలో ఒకచోట వెతికి, రెండు వేళ్లు నలిపాడు.

"అదేంటి మరి?"

"తెగిన పోగు ముడేస్తున్నాడు. నువ్వు తెంపిందే."

యాకూబ్ పళ్లెం కింద పెట్టాడు. రోజుకు మూడు పూటలు, ఇరవై రెండేళ్లు. తను తెంపిన పోగులన్నీ ఈ ముసలాయన ఓపిగ్గా అతుక్కుంటూ వచ్చాడు. సిగ్గేసింది. ఆ వేళ్లకేసి మసీదులో నిలబడ్డంత భయభక్తులతో చూశాడు.

యాకూబ్, సుగుణమ్మ పక్కనే కదలకుండా కూర్చున్నారు. ఉప్మా చల్లారిపోయింది. చాలాసేపటికి తాత నాడె పక్కన పెట్టి, నుదురు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు పెట్టన్నా" అంది సుగుణమ్మ.

పనిలోంచి లేచొచ్చిన మనిషిలా తాత గబగబా పళ్లెం ఖాళీ చేశాడు. అటుగా వచ్చిన భరద్వాజగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "గొట్టం వద్దులే" అని వెళ్లిపోయారు.

ఆ రోజు ఎన్ని పనులున్నా యాకూబ్ మాటిమాటికీ మెట్ల దగ్గరికి వచ్చాడు.

"ఏం రంగు చీరంటావమ్మా?"

"అది ఆయనకే తెలవాలి."

సాయంత్రం యాకూబ్ నమాజుకు లేవబోతుండగా తాత కాళ్లు ఆగాయి. వంగి, రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు కోశాడు. మడత మీద మడత వేసి, అరచేత్తో అదిమి, రెండు చేతుల మీదా పెట్టి యాకూబ్ వైపు చాచాడు. ఇన్నేళ్లలో మొదటిసారి అతని మొహంలోకి చూశాడు.

యాకూబ్ చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. వాసన పోదని తెలిసీ మళ్లీ తుడుచుకున్నాడు. అప్పుడు అందుకున్నాడు. అల్లా సాక్షిగా, బరువు తగిలింది.

"బాగా నేశావు తాతా."

తాత స్తంభానికి తల ఆనించాడు. సుగుణమ్మ టీ తెచ్చి పిలిస్తే పలకలేదు. భరద్వాజగారు వచ్చి నాడి చూసి, మెల్లగా తాత కళ్లు మూశారు. యాకూబ్ మాత్రం చేతులు చాచి అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ పెట్టాలమ్మా దీన్ని?"

సుగుణమ్మ నవ్వలేదు. "బీరువాలో పెట్టన్నా. చెమ్మ తగలకుండా."

తాతను లోపలికి తీసుకువెళ్లాక యాకూబ్ బకెట్ నీళ్లు తెచ్చి మెట్లు కడిగాడు. నీళ్లన్నీ జారిపోయాయి. కింది మెట్టు సిమెంటు మీద, పాదాలంత మేర నున్నగా అరిగిన రెండు పల్లాల్లో మాత్రం నిలిచాయి.