అన్నయ్య సరేనన్న సీసా

తండ్రి చనిపోయిన ఏడు తన వాటాకు వచ్చిన వైన్ నిజంగానే చెడిపోయిందా అన్న అనుమానం ఒదీల్‌ను ఏళ్ల తరబడి వదల్లేదు. రుచి చూసి, పనికిరాదని పీపాలన్నీ పారబోయించినవాడు అన్న గిస్లాన్. తండ్రి తర్వాత ఆ ఇంట్లో రుచి చెప్పేది పెద్దకొడుకే. ఆ మాటకు తిరుగులేదు. ఆ దెబ్బతో ఒదీల్ ద్రాక్షతోట అమ్ముకుంది. ఆమె భర్త ఫ్యాక్టరీలో కూలికి చేరి, అక్కడే అరిగిపోయి చనిపోయాడు. తోడబుట్టినవాణ్ని శంకిస్తున్నందుకు ఆమె చర్చిలో ఫాదర్ ముందు మోకరిల్లి క్షమాపణ అడుగుతూనే ఉంది.

తన డెబ్భయ్యో పుట్టినరోజుకు గిస్లాన్ ఆమెను పారిస్ పిలిచి, పేరుమోసిన హోటల్లో మధ్యాహ్నం భోజనం పెట్టాడు. శుక్రవారం మాంసం ముట్టకూడదన్నది చర్చి నియమం కాబట్టి ఒదీల్ చేప తెమ్మంది.

"మీ చెల్లెలు స్వర్గంలో సీటు ముందే పట్టేసుకుంది," అని వదిన కోలెత్ మొగుడితో నవ్వింది.

వైన్ వచ్చింది. భోజనానికి పిలిచినవాడే మొదట రుచి చూసి సరేననాలి; ఆ తర్వాత ఎవరూ వంక పెట్టరు. గిస్లాన్ గ్లాసు తిప్పి, కళ్లు మూసుకుని వాసన చూసి, గుక్క వేసి తలాడించాడు.

ఒదీల్ గ్లాసు ఎత్తగానే బూజుపట్టిన బిరడా కంపు గుప్పుమంది; వైన్ చెడిపోయింది. ఎదురుగా కోలెత్ తల వంచుకుని తాగేస్తోంది.

"అన్నయ్యా, నీకు వాసన తెలియదు కదూ?"

గిస్లాన్ రొట్టె ముక్క తుంచాడు. "నాన్న చనిపోయిన ఏడు నాకు జ్వరం వచ్చింది చూడు, దాంతోనే వాసన పోయింది."

"మరి నా పీపాలు?"

"భయమేసిందే. చెడ్డదాన్ని బాగుందంటే ఇంటి పరువు పోయేది."

"బాగున్నదాన్ని చెడ్డదంటే నా ఒక్కదాని బతుకేగా."

ఇప్పుడెందుకీ గొడవ, చేప చల్లారిపోతోందని కోలెత్ గొణిగింది. ఒదీల్‌కు చేప సంగతి పట్టలేదు. చేయని పాపానికి ఇన్నేళ్లు క్షమాపణ అడిగానే, ఆ ప్రార్థనలన్నీ దేవుడు ఏ ఖాతాలో వేసుకున్నట్టు?

గిస్లాన్ చేయి ఊపి ఆ సీసా తీయించాడు. వడ్డించే అతను మరో సీసా తెచ్చి, అలవాటుగా అతని గ్లాసులోనే కాస్త పోశాడు. గిస్లాన్ దాన్ని చెల్లెలి ముందుకు జరిపాడు.

"నువ్వు చూడు."

పీపాలు పారబోయించిన రోజున నేలమాళిగ గుమ్మంలో నిలబడి, ఒక్క గుక్క నన్నూ చూడనివ్వమని ఆమె బతిమాలింది. అతను వినలేదు. ఇప్పుడు ఇచ్చాడు.

ఒదీల్ తాగింది. వైన్ చాలా బాగుంది.