రైలెక్కిన బర్రె

రెంటచింతల మిషను బడిలో రాహేలమ్మగారు రెండో తరగతికి చెప్పేవారు. నేను నాలుగో తరగతి పంతుల్ని. అవి యుద్ధం రోజులు, కాగితం దొరకడమే కష్టం.

ఆమె తరగతిలో ప్రేమకుమారి అనే పిల్ల వాచకమంతా గడగడా అప్పజెప్పేది. ఒకరోజు పంతులమ్మ పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడిగితే నోరు మెదపలేదు. పాఠం కంఠతా వచ్చు, అక్షరాలూ వచ్చు, మాట కలిపి చదవడం రాదు. తరగతిలో సగంమంది అంతే. బెత్తం తియ్యమని నేను సలహా ఇచ్చాను. ఆమె నవ్వేశారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె పాత పరీక్ష కాగితాల వెనకవైపు పెద్ద అక్షరాలతో ఒక కథ రాసి, దారంతో కుట్టారు. గురజాలలో ఒక బర్రె టిక్కెట్టు లేకుండా మాచర్ల రైలెక్కుతుంది. జరిమానా కట్టమన్న టిక్కెట్టు కలెక్టరు టోపీ నమిలేస్తుంది. మర్నాడు తరగతిలో ఆ కథ చదువుతూ, పోలీసులు పెట్టెలోకి దూరిన చోట ఆపేశారు.

"తర్వాత ఏమైద్ది పంతులమ్మా?" అంది ప్రేమకుమారి.

"అందులోనే ఉంది. ఇంటికి తీసుకుపో."

రెండు రోజులకు ఆ పిల్ల తల్లి మణెమ్మ బడికొచ్చింది. పొయ్యి దగ్గర కూర్చోబెడితే కూతురు సంగటి మాడబెట్టిందట.

"ఒక్కతే కూచోని నవ్వుద్ది. ఏముందమ్మా ఆ పుస్తకంలో?"

పంతులమ్మ ప్రేమకుమారిని చదవమన్నారు. పిల్ల ఒత్తుల దగ్గర ఆగుతూ, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. అక్షరమెరుగని మణెమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్లీ చదివించుకుని గాని కదల్లేదు.

క్రిస్మస్ నాటికి అలాంటి పుస్తకాలు పదహారయ్యాయి. వంతుల కోసం పిల్లలు పోట్లాడుకునేవారు. విరామంలో వరండా నిండా తలలు వంచుకుని చదివేవాళ్లే.

నా తరగతికీ ఒకటి రాసిపెట్టమని ఆమెను అడిగాను. ఆమె సూదీ దారం, గుప్పెడు కాగితాలు నా చేతిలో పెట్టి, "మీరే రాయండి ఏలియాగారూ" అన్నారు.

రెండు వారాలు తంటాలు పడి నక్క కథ ఒకటి రాశాను. చదివి వినిపిస్తే ఒక్కరూ నవ్వలేదు. పిల్లలను నవ్వించడం ఎంత పనో నాకు అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం రాహేలమ్మగారి దగ్గరికి వెళ్లి, ఆ విద్య నేర్పమని అడిగాను. ఆమె నా కథ అందుకుని, మొదటి పేజీ మొత్తం కొట్టేసి, "ఇక్కణ్ణించి మొదలుపెడదాం" అన్నారు.