మాయాబందర్లో దిగాల్సిన చిలక

పూరీలు వేయిస్తుండగానే మా ఆయన బయట కారు హారన్ మొదలుపెట్టారు. డిగ్లీపూర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి రోజంతా పట్టే దారి. జారవా ఆదివాసుల అడవి దాటాలంటే బండ్లన్నీ కాన్వాయ్‌గా వరసకట్టే వెళ్ళాలి. మధ్యాహ్నం కాన్వాయ్ తప్పిపోతే జెట్టీ దగ్గర పడిగాపులు. పదహారేళ్ళుగా ఈ సంగతి నాకూ తెలుసు. తెలిసినదాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పడం మా ఆయన నెహెమ్యా గారికి ఇష్టం. ఆయనకు పోర్ట్ బ్లెయిర్‌కి బదిలీ అయింది, అక్కడ మిన్నీ బేలో క్వార్టర్ ఇచ్చారు. సామాను ముందే లారీలో వెళ్ళిపోయింది. మిగిలింది మేం ముగ్గురం, మిట్టూ.

ముందు సీట్లో మా అత్తగారు గురువమ్మ. వెనక నేను, కుక్కరు, టిఫిన్ బుట్ట, ఒళ్ళో చిలక పంజరం. మిట్టు మాత్రం మిన్నీ బే దాకా రాదు. దారిలో మాయాబందర్లో మా ఆడపడుచు వెరోనికా ఇంట్లో దింపెయ్యాలని తల్లీకొడుకులు తేల్చేశారు. అది చేసిన నేరం చిన్నదేం కాదు. అత్తగారి ప్రార్థన బాగా పొడుగు. పోయిన నెల పాస్టరు గారు భోజనానికి వచ్చినరోజు ఆవిడ రోగుల్ని, విధవల్ని దాటి ఓడ ప్రయాణికుల దాకా వచ్చేసరికి మిట్టు గట్టిగా "ఆమేన్" అంది. పాస్టరు గారు కళ్ళు తెరిచి కోడికూర కలుపుకున్నారు. ఆవిడ మిగతా ప్రార్థన లోలోపలే ముగించుకోవాల్సి వచ్చింది. నాకు నవ్వు ఆగలేదు. పక్షికి నేనే నేర్పానని అత్తగారి నమ్మకం. ఆ మాట నేను నేర్పలేదు.

దారిపొడుగునా ముందుకి పూరీలు అందిస్తూనే ఉన్నాను. కూర కాస్త ఎక్కువెయ్యి, నీళ్ళేవి, తుడుచుకోడానికేమైనా ఉందా. ఒక చేత్తో పంజరం పట్టుకుని ఒక చేత్తో వడ్డించాను. మలుపులకు మిట్టు బెదిరిపోయి నా వేలు ముక్కుతో పట్టుకుని వదల్లేదు. మూడేళ్ళ కిందట వానకి గూటిలోంచి పడిపోతే అన్నం మెతుకులు పెట్టి పెంచాను. అమ్మ పోయింది ఆ ఏడే. ఓడ దిగి మా ఊరు టెక్కలి చేరేసరికి అమ్మను సమాధి చేసేశారు. ఆ తర్వాత ఎవరు కనిపించినా అమ్మలాగే మాట్లాడతారేమోనని చూసేదాన్ని.

వెరోనికా ఇడ్లీలు వేసి పెట్టింది. పంజరం వరండాలో కొక్కేనికి తగిలించి, అలవాటు చొప్పున నేనే వడ్డించాను. ఇద్దరూ మళ్ళీ తిన్నారు. ఆయన చెయ్యి కడుక్కుని తాళాలు తీసుకున్నారు.

"చలో, లేటయిపోతాది."

అప్పుడు వరండాలోంచి వినపడింది.

"తిన్నావేటే, కృపా?"

అచ్చం టెక్కలి మాట. ఆ ఇంట్లో నా పేరు కూడా కొత్తగానే వినిపించింది.

"అరె, ఇదెవరు నేర్పారొదినా?" అంది వెరోనికా.

"నేనే."

అమ్మ బతికుండగా రోజూ మధ్యాహ్నం ఫోన్లో ముందు అదే అడిగేది. అమ్మ పోయాక ఆ వేళకి ఫోను మోగలేదు. అంట్లు తోముకుంటూ నన్ను నేనే అలా అడిగేదాన్ని. మిట్టుకి మాటలొస్తున్నాయని తెలిశాక పట్టుబట్టి నేర్పాను. అది అడిగితే తిన్నానని చెప్పేదాన్ని. చాలాసార్లు అబద్ధమే. అయినా ఆ అడగడం కోసం రోజంతా ఎదురుచూసేదాన్ని. పదహారేళ్ళ కాపురంలో మా ఇంట్లో నన్ను ఆ మాట అడిగింది ఒక్క ఈ పక్షే. దాన్నిక్కడ దింపేసి పొమ్మంటున్నారు.

"తినలేదా నువ్వు? చెప్పాలి కదా మరి" అన్నారాయన.

దారిలో తింటుందిలే పదమన్నారు అత్తగారు. దారిలో తినడానికి బుట్టలో ఏమీ మిగల్లేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. చెప్పాలి కదా అన్న మాట మాత్రం నాకు ఎక్కడో తగిలింది. చెప్పాలా? వాళ్ళకి ఉప్పు తక్కువైతే, నీళ్ళు చల్లారితే, ఎవరు చెప్తే చూశాను నేను?

వరండాలోకి వెళ్ళి పంజరం కొక్కెం నుంచి తీశాను. తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను.

"ఇది మనతోటే వస్తాది. నేను తిన్నాకే బండి కదుల్తాది."

కాన్వాయ్ వెళ్ళిపోతుందన్నారాయన, కాస్త మెల్లగా. వెళ్ళనివ్వండి, మళ్ళీ ఉంటుందన్నాను. ఆయన పంజరం ఎలా పట్టుకోవాలో తెలీక కుర్చీ అంచున కూర్చున్నారు. అత్తగారు గోడవైపు చూస్తూ ఏదో గొణుక్కున్నారు. వెరోనికా నా ముందు కంచం పెట్టింది. ఇడ్లీ ఇంకా వేడిగానే ఉంది.

నాలుగు తిన్నాను. ఇంకో రెండు వెయ్యమని కంచం జరిపాను.