కాలని చేతులు

"మా సీలా చేతికి మసిగుడ్డెందుకమ్మా? పత్తిని అమ్మవారే ఆ చేతుల్లో కూర్చుంది" అని మా అత్తగారు పొడిమేణికె, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. చెప్పి, కుతకుతలాడే కూర కుండని వట్టి చేతులతో నాచేత దింపించి చూపించేది. నిప్పుల మీద నడిచినా కాలనివ్వని తల్లి కదా పత్తిని అమ్మవారు, చూసినవాళ్ళు నాకే దణ్ణం పెట్టేవారు. ఊళ్ళో ఎవరింట భిక్షువులకి అన్నదానమైనా అన్నం కుండలు దించడానికి నాకే పిలుపు. మా ఆయన ముత్తుబండ "మా ఆవిడంటే నిప్పుకే భయం" అని మీసం దువ్వేవాడు. ఇన్నేళ్ళ చాకిరీకి దొరకని మర్యాద, చెయ్యి కాలకపోతే దొరికింది. నేనూ నమ్మాను. ఎందుకు నమ్మను? ఆ ఇంట్లో నా గురించి పుట్టిన మొదటి మంచిమాట అదే.

కాళ్ళ సంగతి మాత్రం ఎవరికీ గొప్పగా తోచలేదు. పొలంలో చెప్పు జారిపోయినా నాకు తెలిసేది కాదు. పడుకుంటే పిక్కల్లో చీమలు పాకేవి. "కళ్ళు నెత్తికెక్కాయా, ఒంటి చెప్పుతో వచ్చావ్?" అని మా ఆయన నవ్వేవాడు. ఒకరోజు గట్టు మీద కళ్ళు తిరిగి పడితే అనురాధపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కిడ్నీలు పోయాయన్నారు. మా చెరువుల సీమలో కిడ్నీలు పోవడం కొత్తేం కాదు, కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

ఆసుపత్రిలో డాక్టర్ మిస్ ఒక ఇనుప పటకారు లాంటిదాన్ని మోగించి నా చీలమండ మీద ఆనించింది.

"ఏమన్నా తెలుస్తోందా అమ్మా?"

"లేదు మిస్."

దాన్నే చెవి దగ్గర పెడితే తుమ్మెదలా జుమ్మంది. చెవికి తెలిసింది నా కాలికి తెలియలేదు. అప్పుడు భయమేసి చేతుల సంగతి చెప్పాను, అమ్మవారి సంగతి కూడా.

మిస్ నవ్వలేదు. "కిడ్నీలు కడగాల్సిన విషం ఒంట్లోనే ఉండిపోతే నరాలు చచ్చుబడతాయమ్మా. ముందు కాళ్ళు, తర్వాత చేతులు. డయాలసిస్ చేస్తూ ఉంటే కొంత తిరిగి రావచ్చు. అంతా వస్తుందని మాట ఇవ్వలేను" అంది.

మిషను పక్కన పడుకుని చూసేదాన్ని. నా రక్తం నా కళ్ళముందే గొట్టంలోంచి బయటికెళ్ళి, కడిగించుకుని, మళ్ళీ నన్నే వెతుక్కుంటూ వచ్చేది. అమ్మ బాబోయ్, ఎంత వింత! నాకోసం ఇంకొకరు ఏదైనా కడగడం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఇంట్లో మాత్రం నెలలు గడిచేకొద్దీ సణుగుడు పెరిగింది. "నీరసం తప్ప ఏమొచ్చింది? పనంతా ఎక్కడిదక్కడే. కొత్త సంవత్సరం వెళ్ళాక మానెయ్" అన్నాడు మా ఆయన. మానేస్తే ఏమవుతుందో మా వీధిలో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా అలసిపోయి నేనూ సరేనన్నాను.

ఏప్రిల్లో మా కొత్త సంవత్సరం ముహూర్తానికి పొయ్యి వెలిగించాం. బయట టపాకాయలు పేలుతుండగా పాలు పొంగాయి. ఇరుగుపొరుగువాళ్ళు చూస్తున్నారు. అత్తగారు గర్వంగా నాకు దారిచ్చింది. రెండు చేతులూ కుండకి ఆనించాను.

"అమ్మో!"

ఆ కేక నాదేనని నాకే తెలియలేదు. చేతులు నీళ్ళ బిందెలో ముంచాను. చల్లదనం! వేళ్ళ చివరిదాకా చల్లదనం! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. తీసి చూస్తే ఎర్రగా కందాయి, భగభగమంటున్నాయి, పది వేళ్ళూ నావే. ఇంత నొప్పి ఇంత బాగుంటుందని ఎవరికైనా చెబితే నమ్ముతారా!

"అయిపోయింది. రక్తం కడిగించుకుంటే అమ్మవారుంటుందా? వెళ్ళిపోయింది" అని అత్తగారు నెత్తి కొట్టుకుంది.

"ఎల్లుండి నేను మిషనుకి వెళ్తున్నానత్తయ్యా. బతికున్నంతకాలం వెళ్తాను" అన్నాను. తర్వాత మా ఆయన వైపు తిరిగాను. "మాడిపోతోంది, కుండ దించండి."

ఆయన అటూ ఇటూ చూశాడు. "మసిగుడ్డేదీ?"

ఆ ఇంట్లో అసలు మసిగుడ్డే లేదు. చివరికి కట్టుకున్న కొత్త సరోంగు లుంగీ అంచుతో పట్టుకుని ఎలాగో దించి, చేతులు విదిలించుకున్నాడు.

"అబ్బా, కాలుతోందే!"

"అవును" అన్నాను. "కాలుతుంది."