మందుకు ముందుమాట

దుకాణాలకు బోర్డులు రాసే ఆ పెద్దాయన్ని వీధి వీధంతా కొమ్ముల పెయింటరనే పిలిచేది. తలమీద కొమ్ములుండి కాదు. వయసులో ఉన్నప్పుడు ఒక మందుల షాపు బోర్డు రాస్తూ మొదటి అక్షరానికి పొరపాటున కొమ్ము తగిలించి ‘ముందుల షాపు’ చేసేశాడు. యజమాని లబోదిబోమంటుంటే, “మందు ఎప్పుడేసుకోవాలండీ? ముందే కదా! అంతా అయ్యాక వేసుకుంటే ఏం లాభం?” అని దబాయించి మరీ నిచ్చెన దిగాడు. మాటను రెండుగా చీల్చి, రెండో ముక్క పట్టుకుని తప్పించుకోవడం ఆయనకు కుంచెతో పెట్టిన విద్య.

ఆ విద్య ఇప్పుడు పడగ్గది గుమ్మంలో కాపలా కాస్తోంది.

లోపల ఇనప మంచం మీద ఆయన భార్య. కడుపులో కణితి ముదిరిపోయింది, ఇక నొప్పి తెలియకుండా చూసుకోవడమే అని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి చర్చి మిషన్ తరఫున పాస్టరూ ఆయన భార్యా రోజూ వస్తున్నారు. పాస్టరమ్మ పక్కబట్టలు మారుస్తుంది, ఒళ్లు తుడుస్తుంది. పాస్టరు మంచం చివర కూర్చుని సన్నగా పాడతాడు. పెద్దాయన వాళ్లను రానిచ్చింది ఒకే ఒక్క షరతు మీద. “పాడండి, తుడవండి, ఉతకండి. సాగనంపే ప్రార్థన మాత్రం నా ఇంట్లో చెయ్యొద్దు. ఆవిడ ఎక్కడికీ వెళ్లట్లేదు.”

ఆ మధ్యాహ్నం కూడా వాళ్లు గడప తొక్కగానే మొదలెట్టాడు.

“ఏం పాస్టరు గారూ! మీ మొదటి అక్షరం కింద ‘ల’ ఒత్తు పెట్టమంటారా? ప్లాస్టరైపోతారు. దెబ్బ తగిలిన చోటల్లా అంటుకోవచ్చు!”

పాస్టరు నవ్వబోయి, భార్య మొహం చూసి మానేశాడు. ఆమె గుమ్మం పక్కన స్టూలు మీదున్న నొప్పి మందు సీసా తీసి చూసింది. మూత బిగించింది బిగించినట్టే ఉంది.

“చూశావా అమ్మాయ్, పొద్దుట్నుంచి చుక్క ముట్టలేదు!” పెద్దాయన గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాచాడు. “తేరుకుంటోంది. ఒక్క గీత మారిస్తే రోగం కాస్తా రాగమే!”

“బాబాయి గారూ, కొంచెం జరగండి.”

“జరగాల్సింది జరిగితే నేనూ జరుగుతా.”

“జరగాల్సిందే జరుగుతోంది. మీరే చూడట్లేదు.”

ఆయన నోట్లో ఇంకో మాట సిద్ధంగా ఉంది. పాస్టరమ్మ దాన్ని బయటికి రానివ్వలేదు. గొంతు బాగా తగ్గించింది.

“పిన్ని గారు నొప్పి తగ్గి మానెయ్యలేదు. ఇది వేస్తే మగత కమ్మేస్తుంది. మళ్లీ మెలకువ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. మీతో మాట్లాడాకే వేసుకుంటానని నిన్ననే నాతో అంది, అందుకే పళ్లు బిగపట్టుకుని పడుకుంది. పిలిచినప్పుడల్లా మీరు ఏదో జోకేసి బయటికి పోతున్నారు.”

“మందుకు ముందు మాటా? పుస్తకాలకే ఉంటుందనుకున్నానే!” అన్నాడు, అలవాటు కొద్దీ.

లోపల్నుంచి చిన్న మూలుగు వినబడి, సగంలోనే ఆగిపోయింది. ఎవరో దాన్ని గొంతులోకి వెనక్కి తోసేసినట్టు.

ఆయన తల తిప్పి మంచం వైపు చూశాడు. ఆమె వేళ్లు మంచం పట్టీకి అతుక్కుపోయి గోళ్లు తెల్లబడ్డాయి. కింది పెదవి మీద పంటిగాట్లు. పొద్దున ఆ పెదవి బిగింపునే చిరునవ్వనుకున్నాడు తను.

లోపలికి వెళ్తే వినాలి. వింటే ఒప్పుకున్నట్టే. వినకపోతే ఆ వేళ్లు అలాగే ఉంటాయి. నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి కూడా ఏనాడూ కళ్లు తిరగని మనిషి, నేల మీద నిలబడి గుమ్మం పట్టుకున్నాడు.

“ఏమండీ...”

“వస్తున్నానోయ్.” స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“జోకెయ్యకండి.”

“వెయ్యను.”

“ఇన్నేళ్లూ మీ మాటలకి నవ్వానా... అందులో సగం నాకు అర్థమే కాలేదు.”

“అర్థం కాకుండానే నవ్వావా!”

“మీ మొహం చూసి నవ్వేదాన్ని. జోకేసి, ఇది నవ్వుతుందా లేదా అని చిన్నపిల్లాడిలా చూస్తారు కదా. అందుకు.” ఊపిరి అందక ఆగింది. నుదురంతా చెమట. పాస్టరమ్మ సీసా మూత మీద చెయ్యి వేసింది. పెద్దావిడ కళ్లతోనే వద్దంది. “ఇంక ఓపిక లేదండీ. మీరలా గుమ్మంలో నిలబడితే ఎలా వెళ్లను? నాకు సెలవివ్వండి.”

సెలవు! ఎన్ని కొట్లకు రాశాడో ఆ మాట. దాంతో ఎన్ని ఆటలాడొచ్చో ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? అన్నీ ఒక్కసారే నాలిక చివరికి తోసుకొచ్చాయి. ఆమె ఎదురుచూస్తోంది. పట్టీ మీద వేళ్లు ఇంకా బిగిశాయి. ఆయన గుటక వేశాడు. ఇంకో గుటక వేశాడు.

“ఇచ్చాను,” అన్నాడు.

రెండో అర్థం లేని మాట ఆయన నోట రావడం పాస్టరు అంతవరకూ వినలేదు. తలెత్తి చూశాడు.

“వెనక్కి తీసుకోరుగా?”

“తీసుకోను.”

వేళ్లు ఒక్కొక్కటే పట్టీని వదిలాయి. చెంచా పెద్దాయనే పట్టాడు. ఆమె మింగి, చేదుకి మొహం చిట్లించింది. పాస్టరమ్మ ఆయన వైపు చూసింది. ఆయన తలూపాడు. అప్పుడు పాస్టరు దంపతులిద్దరూ మంచం పక్కన మోకరించి, ఆ ఇంట్లో వద్దన్న ప్రార్థన చేశారు. ఆ తర్వాత పాస్టరు సన్నగా పాట అందుకున్నాడు.

ఎండ కిటికీ దిగిపోయే వేళకు పాస్టరమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

“బాబాయి గారూ...”

పాట ఆగిపోయింది.

“తెలుసమ్మా.” ఆయన మంచం మీంచి చూపు తిప్పలేదు. “పాస్టరు గారూ, ఆపేశారేం? ఆ చరణం పూర్తిచెయ్యండి. మధ్యలో ఆపితే ఆవిడకి చిరాకు.”