గడి మెట్ల మీద రెండు గంట్లు

మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. ఈ కొంచెం రాయడానికే నాకు పదకొండు రోజులు పట్టింది.

మా పక్క ఊళ్ళో దొర గడిని, అంటే ఆయన కోటలాంటి ఇంటిని, మ్యూజియం చేస్తున్నారు. చిన్నప్పుడు నేనూ మా అక్క భాగ్యమ్మా అందులో వెట్టి చేశాం. పాత సంగతులు చెబుతానని నన్ను కమిటీలో వేశారు. అక్క నాలుగేళ్ళుగా చక్రాల కుర్చీలోనే ఉంది. నడవలేనివాళ్ళ కోసం గడికి వాలుబాట కడతారని విన్నప్పటి నుంచి ఆమెది ఒకటే మాట.

"ముందు దర్వాజ నుంచి లోపటికి పోవాలె మైసా. ఒక్కసారి."

మేం ఎప్పుడూ దొడ్డి దర్వాజ నుంచే వెళ్ళాం, చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆ రోజు ఇంజనీరు సౌజన్య మేడం గడి ముందర నక్షా పరిచింది. వాలుబాట దొడ్డి దర్వాజ దగ్గర గీసి ఉంది. అందరి సంతకాలూ అయ్యాయి, నాదే మిగిలింది. నాకు కాలు నిలవలేదు. మెట్ల దాకా వెళ్ళాను, తిరిగి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. అక్క కుర్చీలోంచి నన్నే చూస్తోంది.

"ఏంది మైసక్కా, సంతకం నేర్సుకున్నవ్ గదా, పెట్టరాదు?" అన్నాడు కమిటీ పెద్ద రాజలింగం.

"సదువుడు గూడ నేర్సుకున్న. అందుకే ఆగిన."

"ముందు మెట్లు పాతరాయి అవ్వా, తవ్వనియ్యరు," అంది మేడం మెత్తగా. "ఎటు నుంచి పోయినా లోపట ఒకటే గదా."

అక్క నవ్వింది. "ఒకటే అయితే నువ్వు గటు నుంచి పో బిడ్డా. నేను గిటు నుంచి వస్త."

మేడం ముఖం చిన్నబోయింది. పెన్ను నా చేతిలో పెట్టింది. నేను దాన్ని పట్టుకుని మళ్ళీ మెట్ల దగ్గరికి నడిచాను. పైమెట్టు అంచున రాయిని కోసినట్టు రెండు గంట్లు, వాటి చుట్టూ సుద్ద గీతలు కనిపించాయి. ఎందుకని అడిగాను.

"పగుళ్ళు. సిమెంటుతో పూడ్చాలె," అంది మేడం.

అవి పగుళ్ళు కావు. ముసలి దొరసానికి కాళ్ళు పడిపోయాక ఆమెను తోపుడుబండిలో పైకి ఎక్కించేవాళ్ళు. అందుకు రెండు టేకు చెక్కలు ఆ గంట్లలో ఆనించాలి. ఒక్కో చెక్కనూ దొడ్లోంచి ఒక కొస అక్క, ఒక కొస నేను మోసుకొచ్చేవాళ్ళం. మెట్టు తొక్కనిచ్చేవాళ్ళు కాదు, కింద నిలబడే చెక్కను పైకి నెట్టాలి. ఆమె లోపలికి పోగానే చెక్కలు తీసి దొడ్లో పెట్టాలి.

ఇదంతా చెప్పాను. మేడం నమ్మినట్టు లేదు. చెక్క ఎంత వెడల్పని అడిగింది. నాకు గుర్తు రాలేదు.

"జానెడు, మీద నాలుగు వేళ్ళు," అంది అక్క చేయి చాపి. "భుజం కాయ కాసింది. ఎట్ల మర్సిపోత?"

మేడం టేపుతో అక్క జానను కొలిచింది, నాలుగు వేళ్ళను కొలిచింది. వెళ్ళి ఒక గంటును, తర్వాత రెండోదాన్ని కొలిచింది. రెండూ సరిగ్గా అంతే ఉన్నాయి.

"ఆ చెక్కల లెక్క పెట్టి తీసే బాట అయితే రాయి తవ్వుడుండదు," అంది చివరికి. "ఇంకా పొడుగు చేయాలె, నిటారుంటే కుర్చీ జారుతది. మళ్ల గీస్త. పై ఆఫీసోళ్ళు ఒప్పుకుంటరో లేదో మాత్రం చెప్పలేను."

"మరి గీ సంతకం?" అన్నాడు రాజలింగం విసుగ్గా.

"గా నక్షా వచ్చినంక పెడత," అని పెన్ను తిరిగి ఇచ్చాను.

మేడం సుద్ద గీతలను తన చున్నీతో తుడిచేసింది. పై ఆఫీసు జవాబు ఇంకా రాలేదు. ఆటో చప్పుడైతే చాలు, మేడం జవాబు తెచ్చిందేమోనని అక్క కుర్చీని గుమ్మం వైపు తిప్పమంటుంది. నేనూ లేచి చూస్తున్నాను.

మైసమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉండేది పాలకుర్తిలో, అక్కతో.